స్క్రిప్టింగ్ భాషల సీ ఇంటర్‌ఫేస్: రాసిన ఒప్పందం, రాయని ఒప్పందం

పైథాన్, పెర్ల్, రూబీ, టికిల్, లువా వంటి స్క్రిప్టింగ్ భాషల్లో రాసిన ప్రోగ్రామును చదివి నడిపించే మూల ప్రోగ్రామును ఇంటర్‌ప్రెటర్ అంటారు. ఈ భాషలన్నిటికీ వాడుకలో ఉన్న ప్రధాన ఇంటర్‌ప్రెటర్లు సీ భాషలో రాసినవే. ఇంటర్‌ప్రెటర్ తన లోపలి పనిముట్లలో కొన్నింటిని బయటి సీ ప్రోగ్రాములకు కూడా అందుబాటులో ఉంచుతుంది. కొత్త సంఖ్యను సృష్టించేవి, జాబితాలోంచి అంశాన్ని తీసేవి, దోషాన్ని ప్రకటించేవి ఇలా వందల ఫంక్షన్లున్న ఆ సముదాయాన్నే ఆ భాష సీ ఇంటర్‌ఫేస్ అని వ్యవహరిస్తారు. దానితో జరిగే పనులు రెండు: సీ భాషలో రాసిన లైబ్రరీని స్క్రిప్టింగ్ భాషలోకి తెచ్చి భాషను విస్తరించడం మొదటిది కాగా, మరొక పెద్ద సీ ప్రోగ్రాములో ఇంటర్‌ప్రెటర్‌నే ఒక భాగంగా ఇమిడ్చడం రెండోది. పైథాన్‌లో సంఖ్యాగణన పనులకు ఆధారమైన నంపై మొదలుకొని డేటాబేస్ డ్రైవర్ల దాకా వేగం కావలసిన ప్రతిచోటా ఈ ఇంటర్‌ఫేస్ పనిచేస్తూనే ఉంటుంది గాని, పై భాషలో ప్రోగ్రాములు రాసేవారికి అది కనిపించదు.

కనిపించని దానికి డాక్యుమెంటేషన్ రాయడమెలాగన్నదే ఈ సమీక్షకు విషయం. సాధారణ వాడుకరి కోసం రాసిన వివరణలో తప్పు దొర్లితే ఇంటర్‌ప్రెటర్ ఒక దోషసందేశం ఇచ్చి ఆగుతుంది, వాడుకరి దిద్దుకుంటాడు. సీ స్థాయిలో అలాంటి రక్షణ లేదు. అక్కడ ఒక ఫంక్షన్ తిరిగి ఇచ్చిన వస్తువును ఎవరు విడుదల చేయాలో తెలియక రెండుసార్లు విడుదల చేస్తే ప్రోగ్రాము మొత్తం కూలిపోతుంది, అసలు విడుదల చేయకపోతే మెమరీ కొద్దికొద్దిగా కారిపోతూ కొన్ని రోజుల తరువాత గాని బయటపడదు. రెండు సందర్భాల్లోనూ సీ కంపైలర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. కంపైలర్ పట్టుకోలేని నియమాలను మనిషికి చెప్పే బాధ్యత పూర్తిగా డాక్యుమెంటేషన్ మీద పడుతుంది కాబట్టి, ఈ రంగంలో వాక్యంలోని లోపం కోడులోని లోపంతో సమానమవుతుంది.

ఫంక్షన్ ముఖపత్రం చెప్పనిది

సీ భాషలో ఫంక్షన్ ముఖపత్రం, అంటే దాని పేరు, అది తీసుకునే విలువలు, తిరిగి ఇచ్చే విలువ వీటి ప్రకటన, చెప్పేది చాలా తక్కువ. తిరిగి వచ్చిన పాయింటర్ చూపే వస్తువు ఎవరి సొత్తు, పని విఫలమైతే ఆ సంగతి ఎలా తెలుస్తుంది, వాడుకలో లేని వస్తువుల మెమరీని తిరిగి తీసుకునే గార్బేజ్ కలెక్టర్ ఆ పిలుపు మధ్యలో నడిచే అవకాశం ఉందా, అనేక థ్రెడ్లు ఒకేసారి పిలవవచ్చా, వచ్చే విడుదలలో ఈ ఫంక్షన్ ఉంటుందా అన్న ప్రశ్నలకు ముఖపత్రంలో జవాబు దొరకదు. వీటిలో మొదటిదే అన్నిటికంటె చిక్కైనది.

సిరిసిల్ల మరమగ్గాల వ్యవస్థ తెలిసినవారికి ఈ చిక్కు కొత్తగా ఉండదు. అక్కడ నూలు యజమాని బీములు, పేక నూలు ఇస్తాడు. నాలుగో ఎనిమిదో సాంచాలు (మరమగ్గాలు) ఉన్న ఆసామి వాటిని కూలికి నేయించి బట్టను తిరిగి అప్పగిస్తాడు. నూలు ఆసామి షెడ్డులో ఉన్నంత మాత్రాన ఆయన సొత్తు కాదు. అలాగే పైథాన్, పెర్ల్, టికిల్ వంటి భాషల సీ ఇంటర్‌ఫేస్‌లో ప్రతి వస్తువుకూ ఎంతమంది హక్కుదారులున్నారో లెక్కపెట్టే అంకెను రిఫరెన్స్ కౌంట్ అంటారు. అది సున్నాకు చేరగానే వస్తువు నశిస్తుంది. కొన్ని ఫంక్షన్లు వస్తువును హక్కుతో సహా అందిస్తాయి. కొన్ని హక్కు తమవద్దే ఉంచుకొని వాడుకకు మాత్రమే ఇస్తాయి, దీనిని అరువు రిఫరెన్స్ అంటారు. మరికొన్ని పిలిచినవారి దగ్గరున్న హక్కును తామే లాక్కుంటాయి. మూడు రకాల ఫంక్షన్లకూ ముఖపత్రం ఒకే తీరుగా ఉంటుంది.

రూబీ: పాఠ్యాంశంలో ఉన్న అధ్యాయం

ఈ చర్చకు జగిత్యాల, సిరిసిల్లలతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 నిబంధనావళిలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ‘స్క్రిప్టింగ్ లాంగ్వేజెస్’ అనే ఐచ్ఛికాంశం ఉంది. జగిత్యాల జిల్లాలో కొండగట్టుకు సమీపాన నాచుపల్లిలో 2007లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, 2021లో సిరిసిల్లలో మొదలైన కళాశాల ఇదే నిబంధనావళి పరిధిలోకి వచ్చాయి. రూబీ, పెర్ల్, టికిల్ భాషలను అయిదు యూనిట్లలో పరిచయం చేసే ఆ అంశంలో రెండో యూనిట్ మొత్తం రూబీని సీతో విస్తరించడానికి కేటాయించారు. సీ భాషలో రూబీ వస్తువులు, జూక్‌బాక్స్ విస్తరణ, మెమరీ కేటాయింపు, రూబీ రకాల వ్యవస్థ, ఇతర ప్రోగ్రాముల్లో రూబీని ఇమిడ్చడం అనే వరుసలో ఆ యూనిట్ సాగుతుంది. తెలంగాణలో డిగ్రీ స్థాయిలో ఒక భాష అంతర్గత సీ ఇంటర్‌ఫేస్‌ను పరీక్షాంశంగా పెట్టడం విశేషమే, అభినందనీయమే.

ఆ వరుస ఎక్కడినుంచి వచ్చిందో గుర్తించడం కష్టం కాదు. డేవ్ థామస్ ప్రధాన రచయితగా వెలువడిన ‘ప్రోగ్రామింగ్ రూబీ’ రెండో ముద్రణలో భాషను విస్తరించే అధ్యాయం ఇదే క్రమంలో ఉంటుంది. పాఠ్యాంశం సూచించిన గ్రంథాల్లో అదీ ఒకటి. 2004లో రూబీ 1.8 కోసం సిద్ధమైన ఆ అధ్యాయాన్ని బోధన దృష్టితో చూస్తే నేటికీ మెచ్చుకోవచ్చు. జూక్‌బాక్స్ అనే సంగీత యంత్రాన్ని నడిపే ఒక ఊహాత్మక సీ లైబ్రరీని తీసుకొని, దాని చుట్టూ రూబీ తరగతిని కట్టి, సీ నిర్మాణాన్ని రూబీ వస్తువులో చుట్టిపెట్టేటప్పుడు గార్బేజ్ కలెక్టర్‌కు ఏ రెండు ఫంక్షన్లు అప్పగించాలో అది ఓపికగా చూపిస్తుంది. వాటిలో ఒకటి లోపల దాగిన రూబీ వస్తువులను గుర్తుపెట్టేది, రెండోది పని ముగిశాక సీ మెమరీని విడుదల చేసేది. రూబీలో రిఫరెన్స్ కౌంట్ లేదు. ఇంకా వాడుకలో ఉన్న వస్తువులన్నిటినీ గుర్తుపెట్టి మిగిలినవాటిని ఊడ్చివేసే పద్ధతి అది, అందుకోసం సీ స్టాక్‌ను సైతం వెదుకుతుంది. దీనివల్ల విస్తరణ రాసేవారికి లెక్కల బాధ తగ్గుతుంది. అయితే కంపైలర్ అనుకూలీకరణలో ఒక వేరియబుల్ స్టాక్ నుంచి మాయమైతే వస్తువు కూడా మాయమవుతుందన్న సూక్ష్మమైన ప్రమాదం ఒకటి వచ్చి చేరుతుంది.

చిక్కు ఏమంటే ఆ పుస్తకం నిలిచిన చోటే రూబీ నిలవలేదు. 1.9 శ్రేణిలో అక్షరమాల (స్ట్రింగ్) వస్తువు లోపలి నిర్మాణం మారి, అంతకుముందు విస్తరణల్లో సర్వసాధారణంగా ఉన్న నేరు పాయింటర్ ప్రవేశం చెల్లకుండా పోయింది. 2013లో వచ్చిన 2.1 విడుదలతో గార్బేజ్ కలెక్టర్ వస్తువులను వయసునుబట్టి తరాలుగా విడదీయడం మొదలుపెట్టింది. 2019 నాటి 2.7తో వస్తువులను మెమరీలో ఒకచోటినుంచి మరొకచోటికి జరిపే సౌకర్యం చేరింది. వస్తువు కదలగలిగినప్పుడు, దానిని పట్టుకున్న సీ నిర్మాణం కొత్త చిరునామా తెలుసుకోవాలి, లేదా కదలవద్దని ముందే చెప్పాలి; జూక్‌బాక్స్ అధ్యాయం రాసేనాటికి ఈ ప్రశ్నే లేదు. సీ నిర్మాణాన్ని చుట్టడానికి ఆనాటి పుస్తకం నేర్పిన మాక్రో స్థానంలో రకం పేరును కూడా మోసుకొచ్చే టైప్డ్ డేటా పద్ధతి వచ్చి చాలాకాలమైంది.

రూబీతోపాటే వచ్చే అధికారిక పత్రం చరిత్ర దీనికి భిన్నంగా ఉంటుంది. ‘రీడ్‌మీ.ఎక్స్‌ట్’ అనే సాదా పాఠంగా మొదలై, తరువాత డాక్ సంచయంలో ‘ఎక్స్‌టెన్షన్.ఆర్‌డాక్’గా పేరు మార్చుకున్న ఆ పత్రం ఇంగ్లీషులోనూ జపనీస్‌లోనూ జంటగా నడుస్తుంది. అది మూలకోడు పక్కనే ఉన్నందున మార్పులు దానికి చేరుతూ వచ్చాయి గాని, ఎంత చేరినా అది పరిచయపత్రమే. ప్రతి ఫంక్షన్‌కూ వివరణ అందులో ఉండదు. ఆ లోటు పూడ్చినవారు ఇద్దరు. 2002లో మినేరో అవోకి రూబీ మూలకోడును అధ్యాయాలవారీగా విప్పిచెబుతూ జపనీస్‌లో ఒక గ్రంథం వెలువరించగా, స్వచ్ఛంద కార్యకర్తలు దానిని ఇంగ్లీషులోకి తెచ్చారు. 3.0 విడుదల కాలంలో షోహెయ్ ఉరాబే ఫంక్షన్ల ప్రకటనలుండే హెడర్ ఫైళ్లను చిన్న భాగాలుగా విడదీసి, ఆ తరువాత బహిరంగ ఫంక్షన్లకు హెడర్‌లోనే వివరణలు రాశారు. భాష పుట్టిన పాతికేళ్లకు గాని ఈ పని పూర్తిస్థాయిలో జరగలేదన్నది గమనించదగ్గది.

పెర్ల్, టికిల్, లువా

పెర్ల్‌ను చూసి చాలామంది భయపడతారు, అందుకు కారణాలూ ఉన్నాయి. అయినా అంతర్గత డాక్యుమెంటేషన్ విషయంలో తనను తాను తనిఖీ చేసుకునే అలవాటును ముందుగా అలవరచుకున్న భాషల్లో అది ఒకటి. 1994లో వచ్చిన అయిదో పెర్ల్‌కు పెర్ల్‌గట్స్ అనే లోపలి విశేషాల పత్రం, పెర్ల్‌ఎక్స్‌ఎస్ అనే విస్తరణ పత్రం, పెర్ల్‌ఎంబెడ్ అనే ఇమిడ్చే విధాన పత్రం ఉన్నాయి. వీటిని మనుషులు రాస్తారు. పెర్ల్‌ఏపీఐ, పెర్ల్‌ఇంటర్న్ అనే మరి రెండు పత్రాలు మాత్రం మూలకోడులోని వ్యాఖ్యలనుంచి ప్రోగ్రాము ద్వారా తయారవుతాయి. ఎంబెడ్.ఎఫ్‌ఎన్‌సీ అనే ఒకే ఫైలులో ప్రతి ఫంక్షన్ ఎదుటా కొన్ని అక్షరాలుంటాయి. అది బహిరంగమైనదా, దానికి వివరణ రాశారా అన్నది ఆ అక్షరాలు చెబుతాయి. బహిరంగమని ముద్రపడి, వివరణ లేనివాటిని పెర్ల్‌ఏపీఐ తన చివరి భాగంలో పేరుపేరునా జాబితాగా ప్రకటిస్తుంది. తన లోటును తానే అచ్చువేసుకునే గ్రంథాలు ఏ శాస్త్రంలోనూ ఎక్కువగా కనిపించవు.

పెర్ల్ పత్రాల బలహీనత క్రమానికి సంబంధించినది. సమాచారమంతా ఉంటుంది, ఎక్కడినుంచి చదవాలో కొత్తవారికి తెలియదు. ఆ ఖాళీని పుస్తకాలు కొంత నింపాయి. శ్రీరామ్ శ్రీనివాసన్ 1997లో ప్రచురించిన ‘అడ్వాన్స్‌డ్ పెర్ల్ ప్రోగ్రామింగ్’లో ఇంటర్‌ప్రెటర్ లోపలి నిర్మాణంపై విపులమైన చర్చ ఉంది, టిమ్ జెన్నెస్, సైమన్ కోజెన్స్ 2002లో విస్తరణపైనే ఒక పూర్తి గ్రంథం రాశారు. జేఎన్‌టీయూ పాఠ్యాంశంలో పెర్ల్‌కు రెండు యూనిట్లు దక్కినా ఈ కోణం వాటిలో చేరలేదు.

టికిల్ కథ వేరు. జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో బర్క్‌లీలో దానిని రూపొందించినప్పుడే ఇతర ప్రోగ్రాముల్లో ఇమిడే లైబ్రరీగా భావించారు. అందువల్ల సీ ఇంటర్‌ఫేస్ తరువాత అతికించినది కాదు, భాషకు అదే పుట్టుక. ప్రతి సీ ఫంక్షన్‌కూ యూనిక్స్ పద్ధతిలో మాన్యువల్ పుట ఉంటుంది, ప్రతి విలువ పక్కనా అది లోపలికి వెళ్లేదా, బయటికి వచ్చేదా, రెండూనా అన్నది పట్టికలో రాసి ఉంటుంది. 2024లో వచ్చిన 9.0తో రిఫరెన్స్ కౌంట్ నిర్వహణ అనే ప్రత్యేక శీర్షిక అనేక పుటల్లో కనిపిస్తుంది. ఆ అవసరం ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే ఒక్క విషయం చాలు: టికిల్‌లో కొత్తగా పుట్టిన వస్తువుకు హక్కుదారుల లెక్క సున్నాతో మొదలవుతుంది, పైథాన్‌లోనూ పెర్ల్‌లోనూ ఒకటితో మొదలవుతుంది. ఒక భాషలో చేయితిరిగినవారు మరొకదానిలోకి అడుగుపెట్టగానే తప్పు చేసేది ఇక్కడే. పాఠ్యాంశంలో ఈ భాగానికి దక్కిన స్థలం చివరి యూనిట్‌లో రెండే రెండు మాటలు కావడం విచారకరం.

1993లో రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లువా ఈ సమస్యను చాలావరకు పుట్టకుండా చేసింది. అక్కడ సీ ప్రోగ్రాముకు వస్తువుల పాయింటర్లే దొరకవు. విలువలన్నీ ఒక స్టాక్ మీద ఉంటాయి, సీ కోడు వాటిని స్థానసంఖ్యతో సంబోధిస్తుంది, కాబట్టి ఎవరి సొత్తన్న ప్రశ్నకు దాదాపు చోటు లేదు. మాన్యువల్‌లో ప్రతి ఫంక్షన్ పేరు పక్కన చదరపు కుండలీకరణంలో మూడు గుర్తులుంటాయి. ఆ ఫంక్షన్ స్టాక్ నుంచి ఎన్ని విలువలు తీసేస్తుంది, ఎన్ని చేరుస్తుంది, ఏ రకమైన దోషం లేవనెత్తగలదు అన్నవి వాటి అర్థాలు. మొత్తం సీ ఇంటర్‌ఫేస్ ఒక అధ్యాయంలో ఇమిడిపోతుంది. డాక్యుమెంటేషన్ బాగుండాలంటే ముందు ఇంటర్‌ఫేస్ చిన్నదిగా ఉండాలన్న వాదానికి లువా కంటె బలమైన సాక్ష్యం లేదు.

పైథాన్: లెక్కల పుస్తకం, సరిహద్దు గోడ

1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ నేడు వాడుకలో అన్నిటికంటె ముందున్నందున దాని అనుభవమే అన్నిటికంటె విస్తృతమైనది. చాలాకాలంగా దానికి రెండు వేర్వేరు పత్రాలున్నాయి. ఒకటి విస్తరణను అంచెలంచెలుగా నేర్పేది, రెండోది ప్రతి ఫంక్షన్‌ను వివరించే ఆకరగ్రంథం. నేర్పే పత్రం, వెదుకులాడే పత్రం వేరుగా ఉండాలన్న ఈ విభజన సరైనదే. రూబీలో అవి ఒకే పత్రంలో కలిసిపోయినందువల్ల రెండు పనులూ అరకొరగా జరిగాయి. మొదట లేటెక్‌లో ఉన్న ఈ పత్రాలు, గెయార్గ్ బ్రాండ్ల్ రూపొందించిన స్ఫింక్స్ అనే పనిముట్టు ద్వారా కొత్త రూపానికి మారాయి.

పైథాన్ చేసిన మంచి పనుల్లో అంతగా ప్రచారం లేనిది రెఫ్‌కౌంట్స్.డాట్ అనే సాదా దత్తాంశ ఫైలు. ఏ ఫంక్షన్ ఏ వస్తువు హక్కుల లెక్కను ఎంత మారుస్తుందో అందులో వరుసగా ఉంటుంది. ఆకరగ్రంథం తయారయ్యేటప్పుడు ఆ ఫైలును చదివి, తిరిగి ఇచ్చేది కొత్త రిఫరెన్సా, అరువు రిఫరెన్సా అన్నది ప్రతి ఫంక్షన్ కింద చేరుస్తారు. ఒక వాస్తవాన్ని ఒకేచోట రాసి, కావలసిన చోటల్లా యంత్రంతో చూపించే ఈ పద్ధతి మిగతా భాషలకూ ఆదర్శం. దానికీ హద్దులున్నాయి. జాబితాలో ఒక స్థానాన్ని నింపే పైలిస్ట్_సెట్‌ఐటమ్ హక్కును లాక్కుంటుంది, జాబితా చివర చేర్చే పైలిస్ట్_అపెండ్ లాక్కోదు. ఈ రెండింటి తేడాను పట్టిక చెప్పగలదు గాని, అలా ఎందుకున్నదో చెప్పలేదు.

పట్టికలో ఇమడని ఉదాహరణ పైమాడ్యూల్_యాడ్‌ఆబ్జెక్ట్. చాలాకాలంపాటు దాని వివరణలో ఇది హక్కును లాక్కుంటుందని మాత్రమే ఉండేది. నిజానికి పని సఫలమైనప్పుడే అది లాక్కుంటుంది. విఫలమైతే హక్కు పిలిచినవారి దగ్గరే మిగిలిపోతుంది. ఆ ఒక్క షరతు లేని వాక్యాన్ని నమ్మి రాసిన విస్తరణలు, పైథాన్ సొంత మాడ్యూళ్లు కొన్ని సహా, విఫలమార్గంలో మెమరీని కోల్పోయేవి. తరువాత పత్రంలో స్పష్టమైన హెచ్చరిక చేరింది, 3.10 విడుదలలో షరతులేని కొత్త ఫంక్షన్‌నే ప్రవేశపెట్టారు. పెర్ల్‌లో జాబితాలో విలువను నిలిపే ఏవీ_స్టోర్‌కు ఇలాంటి షరతే ఉంది. లెక్క ముందుగా పెంచవలసిందీ, విఫలమైతే తగ్గించవలసిందీ పిలిచినవారేనని పెర్ల్‌ఏపీఐ విస్పష్టంగా చెబుతుంది. మంచి వివరణ లోపభూయిష్టమైన రూపకల్పనను భరించగలిగేలా చేస్తుందే తప్ప సరిదిద్దదని ఈ రెండు ఉదాహరణలు కలిసి చూపుతున్నాయి. డిక్షనరీలో వెదికే పైడిక్ట్_గెట్‌ఐటమ్ లోపల జరిగిన దోషాన్ని మౌనంగా మింగివేస్తుందని, దాని బదులు మరొకటి వాడాలని నేటి పత్రం చెబుతున్నదంటే, అది వివరణ కంటె క్షమాపణకే దగ్గరగా ఉంది.

రెండో సమస్య సరిహద్దుది. ఏది బహిరంగం, ఏది అంతర్గతం అన్నది చాలాకాలం పేరు ముందు గీత ఉన్నదా లేదా అన్నదానిమీద, వివరణ ఉన్నదా లేదా అన్నదానిమీద ఆధారపడింది. హెడర్ ఫైలులో కనిపించినదల్లా వాడుకోవచ్చని విస్తరణ రచయితలు భావించడంలో వింత లేదు. 2011లో పైథాన్ 3.2తో మార్టిన్ ఫాన్ ల్యోవిస్ ప్రతిపాదన ప్రకారం స్థిరమైన ద్వ్యంక ఒప్పందం ఏర్పడింది, అంటే ఒకసారి కంపైల్ చేసిన విస్తరణ తరువాతి విడుదలల్లోనూ మళ్లీ కంపైల్ చేయకుండానే పనిచేస్తుందన్న హామీ. ఆ హామీలో ఏయే ఫంక్షన్లున్నాయో యంత్రం చదవగల పట్టికగా నిర్వహించి, పరీక్షలకు, డాక్యుమెంటేషన్‌కు అదే మూలంగా చేయడం మాత్రం పెట్ర్ విక్టోరిన్ ప్రతిపాదనతో 3.10 నాటికి, అంటే 2021లో జరిగింది. హెడర్లను బహిరంగం, ఇంటర్‌ప్రెటర్‌కు ప్రత్యేకం, పూర్తిగా అంతర్గతం అనే మూడు అరల్లోకి విడదీశారు. 2023లో 3.12తో అస్థిరం అన్న ముద్ర పేరులోనే మోసే నాలుగో తరగతి వచ్చింది.

ఆ గోడ ఎంత ఆలస్యంగా లేచిందో 3.13 తయారీలో తేలింది. గీతతో మొదలయ్యే ప్రైవేటు ఫంక్షన్లను పెద్ద సంఖ్యలో తొలగించబోతే, ప్రసిద్ధ విస్తరణలు వాటిమీద ఆధారపడి ఉన్నట్లు బయటపడి కొన్నింటిని తిరిగి చేర్చవలసి వచ్చింది. ఒక ఇంటర్‌ఫేస్‌కు తగినంతమంది వాడుకరులుంటే, ఒప్పందంలో ఏముందన్న దానితో నిమిత్తం లేకుండా, గమనించగల ప్రతి ప్రవర్తనమీదా ఎవరో ఒకరు ఆధారపడతారని ఇంజనీర్ హైరమ్ రైట్ పేరుమీద వ్యవహారంలో ఉన్న సూత్రానికి ఇది చక్కని నిదర్శనం. ఆ తయారీ కాలంలోనే ఈ ఇంటర్‌ఫేస్ కోసమే ఒక కార్యవర్గం ఏర్పడింది. ఇంటర్‌ప్రెటర్ మొత్తానికి ఉన్న ఒకే తాళాన్ని తీసివేసే ప్రయోగాత్మక రూపం 3.13తో వచ్చాక అరువు రిఫరెన్సుల ప్రమాదం మరింత పెరిగింది. ఒక థ్రెడ్ అరువు తెచ్చుకున్న అంశాన్ని మరొక థ్రెడ్ ఆ క్షణంలోనే జాబితానుంచి తొలగించవచ్చు కాబట్టి, హక్కుతో సహా ఇచ్చే కొత్త ఫంక్షన్లను జతచేశారు.

ఊరిపేర్ల పొడవు

తెలుగు పాఠకుడు ఈ పత్రాలన్నిటినీ పరీక్షించడానికి ఒక సులభమైన మార్గం ఉంది. ‘సిరిసిల్ల’ అన్న మాట పొడవెంతో సీ స్థాయిలో అడగాలి. వినికిడిలో అక్షరాలు నాలుగే అయినా, యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకు వచ్చి తొమ్మిది సంకేతాలవుతాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు కాబట్టి 27 బైట్లు. పైథాన్‌లో పైయూనికోడ్_గెట్‌లెంగ్త్ 9 అంటుంది, అదే వస్తువునుంచి యూటీఎఫ్-8 పాఠాన్ని కోరే ఫంక్షన్ 27 అంటుంది, 3.3 తరువాతి పైథాన్ దానిని లోపల సంకేతానికి రెండేసి బైట్ల చొప్పున దాచుకుంటుంది. రూబీలో ఆర్‌స్ట్రింగ్_లెన్ 27 ఇస్తుంది, ఆర్‌బీ_స్టర్_లెంగ్త్ 9 ఇస్తుంది. లువా తన అక్షరమాలలు బైట్ల వరుసలు మాత్రమేనని ముందే చెప్పి 27తో ఊరుకుంటుంది. పెర్ల్‌లో వస్తువుమీద యూటీఎఫ్-8 జెండా ఉన్నదా లేదా చూడకుండా పాయింటర్ తీసుకుంటే తెలుగు కాస్తా చిత్తుగీతలవుతుంది. పెర్ల్‌గట్స్ దీనిని చెబుతుంది గాని చాలా లోపలికి వెళ్లాక చెబుతుంది.

రూబీ 1.9లో ఇంకొక సూక్ష్మం ఉంది. 64 బిట్ల యంత్రంలో 23 బైట్ల లోపు పాఠం వస్తువులోనే ఇమిడిపోయేది, అంతకు మించితే వేరే మెమరీలోకి పోయేది. ఆ లెక్కన 21 బైట్ల ‘కోరుట్ల’ వస్తువులో ఇమిడేది. 24 బైట్ల ‘జగిత్యాల’, 27 బైట్ల ‘సిరిసిల్ల’ బయట ఉండేవి. లోపలి పాయింటర్‌ను నేరుగా తాకే విస్తరణ జగిత్యాలకు, సిరిసిల్లకు సరిగా పనిచేసి కోరుట్ల దగ్గర కూలిపోతుంది. పొడవు అన్న ఒక్క మాటను విడమరచకుండా వదిలేసిన వివరణ ఇంగ్లీషు పాఠంతో పరీక్షించేవారికి లోపంగా కనిపించదు. తెలుగు పాఠం మొదటి పరీక్షలోనే దానిని బయటపెడుతుంది, అందువల్ల ఇలాంటి లోపాలను పట్టుకోవడంలో తెలుగు విద్యార్థికి సహజమైన అనుకూలత ఉంది.

రాయడమా, దాచడమా

అంతర్గత విషయాలకు అసలు వివరణ రాయకూడదన్న వాదం ఒకటి మొదటినుంచీ ఉంది. రాస్తే అది వాగ్దానమవుతుంది, వాగ్దానం చేస్తే మార్చే స్వేచ్ఛ పోతుంది అన్నది దాని సారాంశం. 1972లో డేవిడ్ పార్నస్ ప్రతిపాదించిన సమాచార గోపనం అనే సూత్రం, అంటే మారగల నిర్ణయాలను మాడ్యూలు గోడల వెనుక దాచాలన్నది, దీనికి పునాది. వాదంలో బలముంది గాని, పైథాన్ 3.13 అనుభవం చూపినట్లు వివరణ లేకపోయినంత మాత్రాన వాడకం ఆగదు. వాడేవారు మూలకోడు చదివి ఊహించుకుంటారు, ఊహ వివరణకంటె గట్టిగా పాతుకుపోతుంది. ఇంటర్‌ప్రెటర్‌ను నిర్వహించే తరువాతి తరానికి కూడా లోపలి రూపకల్పన తెలియాలి. పెర్ల్‌ఇంటర్న్ చేసినట్లు అంతర్గతమని ముద్రవేసి మరీ వివరించడం మేలైన మార్గం. 2024లో పైథాన్ తన మూలకోడులోనే ఇంటర్నల్‌డాక్స్ అనే సంచయాన్ని తెరిచి, కంపైలర్, గార్బేజ్ కలెక్టర్ వంటివాటి వివరణలను విడుదలతోపాటు మారే హామీలేని పత్రాలుగా అక్కడ ఉంచడం ఈ దారిలోనిదే. ఆర్ భాష మాన్యువల్ కూడా తన సీ ఫంక్షన్లను హామీ స్థాయినిబట్టి వర్గాలుగా విడదీసి చెబుతుంది.

పీహెచ్‌పీ అనుభవం హెచ్చరికగా నిలుస్తుంది. సారా గోలెమన్ 2006లో రాసిన విస్తరణ గ్రంథం చాలాకాలం ప్రధాన ఆధారం. 2015లో వచ్చిన ఏడో పీహెచ్‌పీ విలువల లోపలి నిర్మాణాన్నే మార్చడంతో అందులోని చాలా ఉదాహరణలు ఒక్కసారిగా చెల్లకుండాపోయాయి. ప్రతి విడుదలతో అంతర్గత మార్పులను నమోదుచేసే అప్‌గ్రేడింగ్.ఇంటర్నల్స్ అనే ఫైలు మూలకోడులో ఉండబట్టి విస్తరణలు రాసేవారు నిలదొక్కుకున్నారు. అచ్చుపుస్తకం ఈ రంగంలో ఎంత గొప్పదైనా దానికి గడువుతేదీ ఉంటుంది.

ఆ గడువు దాటిన అధ్యాయాన్నే పరీక్షాంశంగా కొనసాగించడం సరికాదు. జేఎన్‌టీయూ పాఠ్యసంఘం రెండో యూనిట్‌ను తొలగించవలసిన పనిలేదు, దాని ఆధారగ్రంథాన్ని మార్చితే చాలు: రూబీ ప్రస్తుత విడుదలతో వచ్చే ఎక్స్‌టెన్షన్.ఆర్‌డాక్‌ను మూలపాఠంగా, లువా మాన్యువల్‌లోని సీ అధ్యాయాన్ని ప్రవేశికగా, పైథాన్ ఆకరగ్రంథంలోని రిఫరెన్స్ కౌంట్ భాగాన్ని తులనాత్మక పఠనంగా నిర్ణయించవచ్చు. ఈ మూడూ ఉచితంగా లభిస్తాయి. నాచుపల్లి, సిరిసిల్ల కళాశాలల ప్రయోగశాలల్లో రికార్డు కోసం జూక్‌బాక్స్ కోడును తిరగరాయించే బదులు, వివరణ లేని ఒక్కొక్క ఫంక్షన్‌ను ఒక్కొక్క విద్యార్థికి అప్పగించి, తెలుగు పాఠంతో పరీక్షింపజేసి, వివరణ రాయించి, సంబంధిత ప్రాజెక్టుకు పంపించడం మేలు. అలా రాయవలసిన ఫంక్షన్ల పేర్లు పెర్ల్‌ఏపీఐ చివరి భాగంలో సిద్ధంగా ఉన్నాయి.